గుమ్మం తాతలు కలిసిపోయారు

మోచేతికి కాస్త కింద, చర్మం మడత పడే చోట, ఒక ఇల్లుంది. పాఠాల్లో దాన్ని కణం అంటారు. అందులో కాపురముండేవాళ్లు మాత్రం ఇల్లనే అంటారు. మనం ఉండే ఇంటిని మనం ఇటుకల కుప్ప అంటామా?

ఆ ఇంటివాళ్ల పని తాళ్లు పేనడం. మూడు పోగులు దగ్గరికి చేర్చి, ఒకదాని మీద ఒకటి మెలిపెట్టి, ఎంత లాగినా తెగని తాళ్లు పేనుతారు. చర్మం బిగువుగా నిలబడేది ఆ తాళ్ల వల్లే. పైన ఎక్కడైనా గీసుకుపోతే, ఇన్ని తాళ్లు కావాలని అడగడానికి వీధి వెంట ఒక చుట్టం పరుగెత్తుకొస్తాడు. చుట్టానికి నోరుండదు. చేతులుంటాయి.

గుమ్మానికి అటొకరు ఇటొకరు ఇద్దరు తాతలు. పెద్దతాత, చిన్నతాత, సొంత అన్నదమ్ములు. వాళ్లు ఉండే తీరే వింత. గోడలో నడుం దాకా ఇరుక్కుని ఉంటారు. తలా చేతులూ వీధిలో, కాళ్లు ఇంట్లో. వచ్చిన చుట్టం ఒక చెయ్యి పెద్దతాత చేతిలో, ఇంకో చెయ్యి చిన్నతాత చేతిలో పెడతాడు. చేతిలో చెయ్యి పడిందంటే చాలు, ఇద్దరూ ఒకరి వైపు ఒకరు ఒరుగుతారు. వీధిలో తలలు దగ్గరైతే ఇంట్లో కాళ్లు దగ్గరవుతాయి. ఆ కాళ్లన్నీ కలిసి ఒక్క తన్ను తంతాయి.

ఆ తన్ను తగిలేది బావగారి వీపుకి. ఆయన గుమ్మానికి వీపు పెట్టి, ఒళ్లో పిన్నుల డబ్బీ పెట్టుకుని కూర్చుంటారు. తన్ను పడగానే ఒక పిన్ను తీసి, ఎదురుగా నిలబడ్డ చిన్నకోడలి భుజానికి గుచ్చుతారు. భుజాన పిన్నున్న మనిషికే లోగది తలుపు తెరుచుకుంటుంది. పిన్ను లేకుండా తలుపు మీద తల బాదుకున్నా ఉలుకూ పలుకూ ఉండదు.

పాఠాల్లో కేంద్రకం అనేది ఆ లోగదినే. నేల నుంచి కప్పు దాకా అరలు, అరల నిండా రీళ్లు, రీలు రీలుకీ బిగించి చుట్టిన సన్నని రిబ్బను. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎలా చెయ్యాలో ఆ రిబ్బన్ల మీదే రాసి ఉంటుంది. పెద్దలిచ్చిన సొత్తు కనక రిబ్బను గడప దాటకూడదు. చిన్నకోడలు వెళ్లి తాళ్ల రిబ్బను మీద అరచెయ్యి ఆనిస్తే అది కొంచెం వదులవుతుంది. వదులైందంటే నకలు మామయ్య ఊరుకోడు. దాని మీద పాక్కుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా నకలు రాసి, కిటికీలోంచి బయట పడేస్తాడు. కిటికీ కింద తోడికోడలు కూర్చుని ఉంటుంది. నకలు చూస్తూ తాడు పేనుతుంది.

పని కాగానే చిన్నకోడలు బయటికి వస్తుంది. గడప బయటే కాచుకుని ఉంటుంది ఇంటిల్లిపాదీ పిన్నుల పిన్ని అని పిలిచే పెద్దావిడ. "చాల్లే తల్లీ, నువ్వు చేసిన ఘనకార్యం," అంటూ భుజం మీది పిన్ను లాగి తన కొప్పులో గుచ్చుకుంటుంది. మళ్లీ తన్ను, మళ్లీ పిన్ను. లేకపోతే ఎక్కడివాళ్లక్కడ కడుపులో చల్ల కదలకుండా కూర్చుంటారు.

ఆ ఇంటి మనుషులకి ఒక్కటే కట్టుబాటు. ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదు. ముందున్న మనిషితోనే పని. వెనకనుంచి ఏది వచ్చినా అది వచ్చిందంతే.

చిన్నకోడలు ఆ ఇంటికి కొత్తగా వచ్చింది. మాట మెత్తన, నడక ఇంకా మెత్తన. తాళ్ల రిబ్బను వదులయ్యేటప్పుడు అరచేతి కింద చిన్నగా ఒక కదలిక తెలుస్తుంది, నిద్రలో ఎవరో పక్కకు ఒత్తిగిల్లినట్టు. ఆ ఇంట్లో తనది అని ఆమె అనుకునేది ఆ కదలిక ఒక్కదాన్నే. దాన్ని గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని భయం.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున మొదలైన తన్నులు ఆగలేదు.

మొదట్లో ఎవరికీ అనుమానం రాలేదు. పైన పెద్ద దెబ్బే తగిలి ఉంటుంది పాపం అనుకున్నారు. తన్ను, పిన్ను, నకలు, తాడు. ఆ తాడు ముడి పడకముందే ఇంకో తన్ను. తోడికోడలి చేతులు ఆడుతూనే ఉన్నాయి. చేతులకంటే ముందు నోరు ఆడుతోంది.

"ఏం గాయమే ఇది? మోచెయ్యి గానీ ఊడి కింద పడిందా?"

"నాకేం తెలుసక్కా. పిన్ను పెట్టారు, లోపలికి వెళ్లాను," అంది చిన్నకోడలు.

"పిన్ను పెడితే వెళ్లిపోవడమేనా? రేపు నూతిలో దూకమని పిన్ను పెడతారు. దూకుతావా?"

"నూతికి తలుపుండదు కదక్కా."

తోడికోడలు ఆమెను ఎగాదిగా చూసి, "నీతో మాట్లాడితే తాడుకి మెలి తప్పుతోంది, పో," అంది.

మధ్యాహ్నమయ్యేసరికి పొయ్యిల గదికి దారి లేదు. వసారాలో తాళ్లు నడుం లోతున పడ్డాయి. వసారా నిండిపోతే అటక మీదికి ఎక్కించడం మొదలుపెట్టారు. పిన్నుల పిన్ని కొప్పు ముళ్లపందిలా తయారైంది. చిన్నకోడలి భుజం మీద పాత బెజ్జాల మధ్య పిన్ను గుచ్చడానికి ఖాళీ చోటు వెతుక్కోవాల్సి వస్తోంది. గోడ అవతలి నుంచి పక్కింటాయన అరవడం మొదలుపెట్టాడు.

"ఏమండోయ్ తాళ్లవారూ! మీ గోడ మా గోడని నెడుతోంది. మేం ఊపిరి తీసుకోవాలా, మానెయ్యాలా?"

"మమ్మల్నంటారేం? తాళ్లడిగినవాళ్లని అడగండి!" అని తోడికోడలు గట్టిగా బదులిచ్చింది.

"అడిగిందెవరమ్మా?"

తోడికోడలు తాడు ముడి మీదికి వంగింది. ఆమె నోరు ఆగడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

పైనుంచి చూస్తే మోచేతి కింద నున్నగా, గట్టిగా ఒక బుడిపె లేస్తోంది. దాని చుట్టుపక్కల గాయమన్నది మచ్చుకైనా లేదు.

ఆ తర్వాత చిన్నకోడలు లోగదిలోకి వెళ్లేసరికి నాయనమ్మ లేచి నిలబడి ఉంది.

నాయనమ్మ లేచి నిలబడడమంటే మామూలు సంగతి కాదు. ఆవిడ లోగదిలో ఒక మూల పీట మీద కూర్చుంటుంది. కూర్చుని ఏమీ చెయ్యదు. ఏమీ చెయ్యకుండా అన్నీ చూడడమే ఆవిడ పని. తప్పు చిన్నదైతే దగ్గుతుంది, పెద్దదైతే పీట జరుపుతుంది. లేచిందని మాత్రం పెద్దలెప్పుడో చెప్పుకోవడమే.

"ఇలా రావే. ఇన్ని తాళ్లు ఎవరడిగారు?"

"బావగారు పిన్ను పెట్టారండీ."

"ఆయన్ని ఎవరడిగారు?"

"తన్నారండీ."

"ఎవరు తన్నారు?"

"కాళ్లండీ."

"కాళ్లా! ఆ కాళ్లకి మనుషులుండరా?"

నకలు మామయ్య రిబ్బను మీద బోర్లా పడి రాస్తూనే, "ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది మన ఇంటి వరస," అని గొణిగాడు. "నా మణికట్టు చూడమ్మా, వంకాయలా వాచింది."

"నువ్వు రాయడం ఆపి మాట్లాడు."

"ఆపడం రాదు కదా పెద్దమ్మా. రిబ్బను వదులుగా ఉంది మరి."

నాయనమ్మ అడుగు అరలోని ఒక రీలు వైపు వేలు చూపించింది. దాని మీద ఎన్నడూ ఎవరి చెయ్యీ పడలేదు. "అది ఇల్లు విప్పే రిబ్బను. అటక చివరి దూలానికి తాళ్లు తగిలాయంటే దాని మీద చెయ్యి పెడతాను. ఆగడం తెలియని ఇల్లు ఊరంతటికీ చేటే. అలాంటి ఇల్లు మర్యాదగా తప్పుకోవాలి. గోడలు మడతపెట్టి, అరలు కోసి, అన్నీ చిన్న చిన్న మూటలు కడతాం. మూటలవాడు వచ్చి ఎత్తుకుపోతాడు. పక్కింటి మీద దుమ్ము కూడా పడదు."

"మరి మనమండీ?"

"మనమూ మూటల్లోనే."

చిన్నకోడలి అరచెయ్యి తాళ్ల రిబ్బను మీద ఉంది. దాని కింద ఆ చిన్న కదలిక ఎప్పటిలాగే తెలుస్తోంది. పాపం దానికేం తెలుసు?

"ఎవరడుగుతున్నారో తెలిస్తే ఆపుతారా నాయనమ్మగారూ?"

"తెలిస్తే ఎందుకాపను? తెలియకేగా ఈ తిప్పలు."

చిన్నకోడలు బయటికి వచ్చింది. పిన్నుల పిన్ని పిన్ను లాగేసింది. బావగారి ముందు తన చోటికి వచ్చి నిలబడేసరికి ఆయన అప్పటికే పిన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆమె భుజం ఇవ్వలేదు. ఒక అడుగు పక్కకు వేసింది.

"బావగారూ, మీ వెనకాల ఎవరుంటారండీ?"

ఆయన కంగారుపడ్డారు. "వెనకాలా? వెనకాల నా వీపుంది."

"వీపు వెనకాల?"

"తన్నులున్నాయి."

"ఒక్కసారి తిరిగి చూడకూడదా?"

"మా నాన్న చూళ్లేదు. మా తాత చూళ్లేదు. వాళ్లకి మెడల్లేకనా? ఆడపిల్లవి, కొత్తదానివి, నీకెందుకమ్మా అంత చూపు? భుజం ఇలా తే."

ఆమె వంగి, ఆయన మోచేతి కిందుగా దూరి, వెనక్కి వెళ్లిపోయింది.

"అమ్మాయ్! పిన్ను! నా చేతిలో పిన్నుంది! ఇప్పుడిది ఎవరికి పెట్టను?" అని బావగారు కేకలు వేశారు. తిరిగి మాత్రం చూడలేదు. డబ్బీలోంచి తీసిన పిన్నుని మళ్లీ డబ్బీలో పెట్టడం కూడా వాళ్ల ఇంటా వంటా లేదు.

ముందుగా ఆమెకు కాళ్లు కనిపించాయి. మడమలు పగిలిన ముసలి కాళ్లు, ఒకదాన్నొకటి ఆనుకుని, ఊపిరి పీల్చినంత తేలిగ్గా లేచి తంతున్నాయి. రెండు నడుముల మధ్య సందులోంచి ఆమె తల బయటికి పెట్టింది. వీధి ఇటునుంచి అటు దాకా తడిగా, వెడల్పుగా, ఖాళీగా ఉంది. చుట్టం లేడు. చుట్టం నీడ కూడా లేదు. తాతలిద్దరూ కళ్లు మూసుకుని, తలకి తల ఆనించి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని హాయిగా ఊగుతున్నారు.

"తాతయ్యగారూ," అంది చిన్నకోడలు.

పెద్దతాత ఒక కన్ను తెరిచాడు. "ఎవరమ్మా నువ్వు?"

"మీ ఇంటి చిన్నకోడలినండీ."

"విన్నావురా తమ్ముడూ, మనింటికి కోడలొచ్చిందట!"

"ఎప్పుడన్నయ్యా? మనకి చెప్పనేలేదే."

"మన తలలు ఇక్కడుంటే ఎవరొచ్చి చెప్తార్రా."

"తాతయ్యగారూ, చుట్టం ఎక్కడండీ?"

"ఇదిగో, చేతిలో ఉన్నాడుగా," అన్నాడు పెద్దతాత.

"నా చేతిలోనూ ఉన్నాడు," అన్నాడు చిన్నతాత. "చాలా మంచి చుట్టం. పొద్దున్నే వచ్చాడు. పోనే పోడు."

"కళ్లు తెరిచి చూడండి."

"చుట్టం వస్తే కళ్లతో పనేముందమ్మా? మాకు చెయ్యే చెప్తుంది."

"అవి మీ ఇద్దరి చేతులేనండీ. చుట్టం లేడు."

ఇద్దరూ కళ్లు తెరిచి చూసుకున్నారు. ఆశ్చర్యపోవడానికి బదులు సంతోషించారు.

వాళ్లు చెప్పుకొచ్చిన సంగతేమిటంటే, ఆ అన్నదమ్ములకి చాలాకాలంగా మాటల్లేవు. ఎప్పుడో ఒక చుట్టం వచ్చినప్పుడు తమ్ముడు ఆలస్యంగా తన్నాడని అన్న అన్నాడు. అన్నే తొందరపడ్డాడని తమ్ముడు అన్నాడు. మాటకు మాట పెరిగింది. ఆనాటి నుంచి ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం తిప్పుకుని కూర్చున్నారు. చుట్టం మధ్యలో నిలబడి చెరో చెయ్యీ పట్టుకోబట్టి ఇల్లు నడిచింది. ఈ మధ్య చుట్టాలు రావడం తగ్గిపోయింది. వీధి చూస్తూ చూస్తూ విసుగొచ్చి, ఆ రోజు పొద్దున చిన్నతాత, "అన్నయ్యా, మెడ నొప్పిగా ఉందా?" అని అడిగాడు. పెద్దతాత, "నీకూనా?" అన్నాడు. అంతే, ఇద్దరూ ముఖాలు తిప్పారు, చేతులు కలిశాయి. చేతిలో చెయ్యి పడింది కనక కాళ్లు తన్నాయి.

"తమ్ముడి చెయ్యయితే మాత్రం అది చెయ్యి కాదా?" అని పెద్దతాత ఎదురడిగాడు.

"మీరు తంతుంటే లోపల తాళ్లొస్తున్నాయండీ. ఇల్లంతా తాళ్లే."

"మేం తంతున్నామా? ఎవర్ని?"

"బావగార్ని."

"అయ్యయ్యో, అక్కడ మనిషున్నాడా! ఇన్నాళ్లూ గోడనుకున్నాం. పాపం, మెత్తటి గోడ అని మురిసిపోయాం కూడా."

చిన్నకోడలు అంతా చెప్పింది. అటక సంగతి, అడుగు అరలోని రీలు సంగతి, మూటలవాడి సంగతి. ఆ ఇంటికి వచ్చాక ఆమె అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం అదే మొదలు. తాతల ముఖాలు వాడిపోయాయి. "వదిలెయ్యరా తమ్ముడూ," అన్నాడు పెద్దతాత. చేతులు విడిపోయాయి. తన్ను ఆగింది.

ఆమె ఊపిరి పీల్చుకునేలోపే చిన్నతాత చెయ్యి మెల్లగా జరుగుతూ వెళ్లి అన్న చేతిలో దూరింది. కాళ్లు తన్నాయి.

"తాతయ్యగారూ!"

"నేను కాదమ్మా, చెయ్యి," అన్నాడు చిన్నతాత సిగ్గుపడుతూ. "ఇన్నాళ్ల తర్వాత దొరికింది. నా మాట వినడం లేదు."

వేరే దారి తోచక చిన్నకోడలు ఒక పాపానికి ఒడిగట్టింది. "అది సరేగానీ, ఆనాడు ఆలస్యంగా తన్నింది మీరేనటగా చిన్నతాతయ్యగారూ?" అంది. అగ్గి రాజేసి తప్పుకుందామని చూసింది.

"అవునమ్మా, నేనే," అన్నాడు చిన్నతాత.

"ఛ, వాడెందుకు ఆలస్యం చేస్తాడు? తొందరపాటు నాదే."

"కాదన్నయ్యా, నాదే తప్పు."

"పెద్దవాణ్ణి చెప్తున్నాను, తప్పు నాదేరా!"

"ఎప్పుడూ నీ మాటే నెగ్గాలా? తప్పు నాదే అంటుంటే!"

ఇద్దరి గొంతులూ లేచాయి. చిన్నకోడలికి ఆశ పుట్టింది. తీరా చూస్తే ఎవరి వాదన వాళ్లు గెలవాలన్న పట్టుదలలో చేతులు ఇంకా గట్టిగా బిగించుకున్నారు. తన్నులు ముందుకంటే జోరందుకున్నాయి.

అంతలో ఇంట్లోంచి కెవ్వున కేక వినిపించింది.

అక్కడ జరిగింది ఇది. చిన్నకోడలు ఎంతకీ రాకపోయేసరికి, ఏమైందో చూద్దామని పిన్నుల పిన్ని వచ్చి సరిగ్గా ఆమె నిలబడే చోట నిలబడింది. బావగారు అప్పటిదాకా పిన్ను పట్టుకుని అల్లాడుతున్నారు. ఎదురుగా భుజమన్నది ఒకటి కనపడగానే ఎవరిదని చూడకుండా గుచ్చేశారు.

"నాకు కాదు! నాకు కాదయ్యా! నేను తీసేదాన్ని!" అని పిన్ని గగ్గోలు పెట్టింది. పిన్ను భుజాన పడ్డాక నోరేమన్నా కాళ్లు లోగది వైపే నడుస్తాయి. తలుపు తెరుచుకుంది. పిన్ని లోపలికి వెళ్లిపోయింది.

"పిన్నులు తీసే పిన్నికే పిన్ను పెడితే ఇంక తీసేదెవరు?" అని తోడికోడలు నెత్తి కొట్టుకుంది.

చిన్నకోడలు పరుగెత్తుకొచ్చేసరికి తలుపు మూసుకుపోయింది. ఆమె భుజాన పిన్ను లేదు. తలుపుకి చెవి ఆనించి వినడం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు. లోపల పిన్ని జన్మలో చూడని గది. చెయ్యి పెట్టాలని తెలుసుగానీ దేని మీద పెట్టాలో తెలియదు. తడబడుతున్న అడుగులు వినిపించాయి. ఏదో తగిలి పడబోయినట్టుంది. వెంటనే నాయనమ్మ గొంతు: "అది కాదే! అడుగు అర ముట్టుకోకు! చెయ్యి తియ్యి!" ఆ వెనకే నకలు మామయ్య: "ఇంకేం తియ్యడం పెద్దమ్మా, వదులైపోయింది. నేను సగం రాసేశాను కూడా."

కిటికీలోంచి నకలు వచ్చి తోడికోడలి ఒళ్లో పడింది.

"పేనకక్కా!" అంది చిన్నకోడలు. "అది ఇల్లు విప్పేది కావచ్చు."

"నకలు చేతికొచ్చాక ఆపడం నావల్ల కాదే." తోడికోడలు ఏడుస్తూనే పేనడం మొదలుపెట్టింది. కన్నీళ్లు ఒకవైపు, వేళ్లు ఒకవైపు. "తాడో పేడో తేలిపోవాలి అనేదాన్ని ఎప్పుడూ. ఇదిగో, తేలిపోతోంది. నా నోరు పడిపోను."

వస్తువు తయారైంది. తాడు కాదది. చిన్న సంచి. సంచికి అడుగున విడివిడిగా పొడుచుకొచ్చిన ఐదు బుల్లి సంచులు. అందరూ దాని చుట్టూ చేరి బిక్కచచ్చి చూశారు. అటక మీద తాళ్లు చివరి దూలానికి జానెడు దూరంలో ఉన్నాయి.

"ఇదేనన్నమాట మూట," అని బావగారు, తిరగకుండానే, చెప్పగా విని నిట్టూర్చారు.

"ఇంత బుల్లి మూటలో ఇల్లంతా ఎలా పడుతుంది?" అంది తోడికోడలు. "నేనొక్కదాన్నే పట్టను."

చిన్నకోడలు మాత్రం ఆ ఐదింటి వంకే చూస్తోంది. ఆ ఇంట్లో ఎవరూ వెనక్కి చూసినవాళ్లు కాదు. గుమ్మం అవతలి చేతులు ఎలా ఉంటాయో, ఎంత పొడుగో, ఎలా పెనవేసుకుంటాయో చూసింది ఆమె ఒక్కతే. బొటనవేలు చిన్నది, నడిమిది పొడుగు.

"ఇది మూట కాదక్కా. తొడుగు. చేతికి తొడిగేది."

పిన్ని అడుగు అరలో పట్టుకున్నది ఇల్లు విప్పే రీలుని కాదు. దాని పక్కన దుమ్ము కొట్టుకుపోయి ఉన్న ఇంకోదాన్ని. అది దేనికో ఆ ఇంట్లో అందరూ మర్చిపోయారు.

చిన్నకోడలు తొడుగు లాక్కుని గుమ్మం వైపు పరుగు తీసింది. బావగారి పక్కనుంచి దూరబోతుంటే ఆయన చెయ్యి అలవాటు కొద్దీ లేచి ఆమె భుజానికి పిన్ను గుచ్చేసింది. అంతే, కాళ్లు గిర్రున లోగది వైపు తిరిగాయి. తొడుగు చేతిలో ఉంది, గుమ్మం వెనకుంది, కాళ్లు ముందుకు పోతున్నాయి. తలుపు తెరుచుకుంటోంది. అప్పుడే ఆ తలుపులోంచి పిన్నుల పిన్ని తూలుకుంటూ బయటికి వస్తోంది.

"పిన్నిగారూ, లాగెయ్యండి! తొందరగా!"

"ఉండవే, ముందు నాది నేను తీసుకోనీ."

"తర్వాత తీసుకుందురుగానీ, ముందు నాది!"

పిన్ని ఒక చేత్తో ఈమెది, ఇంకో చేత్తో తనది ఒక్కసారే పెరికేసింది. "అమ్మో, ఇంత నొప్పా! ఇన్నాళ్లూ చెప్పవేమే?" అంది. చిన్నకోడలు అప్పటికే గుమ్మం వైపు పరుగెత్తుతోంది.

గుమ్మంలో తాతల వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఆమె సందులోంచి నడుం దాకా బయటికి వంగి, చిన్నతాత వేళ్లు ఒక్కొక్కటే అన్న చేతిలోంచి విడదీసి, తొడుగు తొడిగేసింది. కొంచెం వదులైంది. వదిలిపెట్టగానే ఆ చెయ్యి మళ్లీ జరుగుతూ వెళ్లి అన్న చేతిలో దూరింది.

కాళ్లు తన్నలేదు.

"ఇదేంట్రా, సంచి పట్టుకున్నట్టుంది," అన్నాడు పెద్దతాత.

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. లోపల నకలు మామయ్య రిబ్బను మీదే వెల్లకిలా పడి గుర్రు పెట్టాడు. తోడికోడలు ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ మార్చింది. బావగారు కాసేపు చూసి, "తన్నేదమ్మా? నా వీపుకేమైనా అయిందా?" అని దిగులుగా అడిగారు. నాయనమ్మ అటక వైపు చూసింది. ఒక చెయ్యి అప్పటికే అడుగు అరలోని రీలు మీదికి చాచి ఉంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, "ఎవరుట అడిగింది?" అంది కిటికీలోంచి.

"తాతయ్యలండీ. తాళ్లు అడగలేదు. కలిసిపోయారు," అని చిన్నకోడలు చెప్పింది.

"అదా," అని నాయనమ్మ పీట మీద కూర్చుంది.

ఉన్న తాళ్లన్నీ ముక్కలు చేసి ఇల్లు మళ్లీ ఇల్లు కావడానికి చాలా కాలం పట్టింది. తోడికోడలు తాడు పేనినంత కాలమూ ఎలా తిట్టిందో, కోసినంత కాలమూ అలాగే తిట్టింది.

చిన్నకోడలికి ఇప్పుడు పని తక్కువ. ఆమె ఎవరికీ చెప్పకుండా అప్పుడప్పుడు బావగారి మోచేతి కింద దూరి గుమ్మం దాకా వెళ్లి వస్తోంది. ఆయన చూడనట్టే ఉంటారు. ఆయన ఎటూ చూడరు కదా. ఒకసారి వెళ్లేసరికి తాతలిద్దరూ, తొడుగు మధ్యలో పెట్టుకుని చేతులు పట్టుకుని, తలలు పైకెత్తి చర్మం వైపు చూస్తున్నారు.

"ఏం చూస్తున్నారు తాతయ్యగారూ?"

"ఏం లేదమ్మా," అన్నాడు పెద్దతాత. "వీడి చెయ్యి వెచ్చగా తెలియడం లేదు. చుట్టం వస్తేనేగానీ ఈ తొడుగు తియ్యకూడదన్నావు. చుట్టం రావాలంటే పైన ఏదో ఒకటి జరగాలి."

"పెద్దది కాదు," అని చిన్నతాత వెంటనే అందుకున్నాడు. "ముల్లు గీసుకున్నా చాలు."

"తాతయ్యగారూ! మన మోచేతికి మనమే అలా కోరుకోవచ్చా?"

"ఛ ఛ, కోరుకోవడం లేదమ్మా. ఊరికే చూస్తున్నాం."

చిన్నకోడలు వాళ్ల మధ్య సందులో తల పెట్టి తనూ పైకి చూసింది. పైన చర్మం ఎక్కడా చిన్న గీత లేకుండా నున్నగా ఉంది. లోపల ఆమె అరచెయ్యి తాళ్ల రిబ్బనుని తాకి ఎన్నాళ్లయిందో. తనూ ఊరికే చూస్తున్నాననే అనుకుంది.